‘నువ్వేం నొక్కావు?’

శనివారం సాయంత్రం. దీపం పెట్టేశాను. మా అత్తగారిని నడుం వెనక రెండు దిళ్ళు వేసి కూర్చోబెట్టి, ఎదురుగా టీవీలో ఆవిడకి ఇష్టమైన పాత సినిమా ఒకటి పెట్టాను. ఆవిడకి ఎనభై నాలుగేళ్ళు. రెండేళ్ళ కిందట జారిపడి తుంటి ఎముక విరిగిన దగ్గర్నించీ ఆవిడ లోకమంతా ఆ మంచం, ఆ కిటికీ, ఆ టీవీ. సినిమా మొదలై పావుగంట అయిందో లేదో బొమ్మ ఆగిపోయింది. మధ్యలో ఓ చక్రం గిరగిరా తిరిగింది. తిరిగి తిరిగి అదీ మాయమైపోయి, నల్లటి తెర మీద ఇంగ్లీషులో రెండు లైన్లూ, వాటి కింద ఓ అంకే మిగిలాయి.

“ఏమైందే అమ్మాయ్?” అన్నారు అత్తగారు.

ఆ మాట వరండాలో పేపరు చదువుకుంటున్న మా వారికి వినబడింది. ఆయన లేవలేదు. తల కూడా తిప్పలేదు. “నువ్వేం నొక్కావు?” అన్నారు.

హైదరాబాదులో ఉన్న మా అబ్బాయికి ఫోను చేశాను. “అమ్మా, నువ్వేం నొక్కావ్?” అన్నాడు. ఫోను పక్కనుంచి పదేళ్ళ మనవడు అందుకున్నాడు, “నానమ్మా, ఏం నొక్కావ్?” అని. మూడు తరాల మగవాళ్ళు, ఒకటే ప్రశ్న!

నేను నొక్కింది ఏమీ లేదు. ఆ మాటకొస్తే రిమోటు బల్ల మీదే ఉంది. నా చేతులకి చపాతీ పిండి.

మీ ఇంట్లో ఈ ప్రశ్న ఎప్పుడూ వినబడలేదూ అంటే మీరు అదృష్టవంతులు. నాకు తెలిసిన పదిళ్ళలో తొమ్మిదిళ్ళలో వినబడుతుంది. గ్యాసు రెగ్యులేటర్ బిగించేది మనం. కుక్కరు విజిల్ రాకపోతే రబ్బరు చూసేదీ, సేఫ్టీ వాల్వు మార్చేదీ మనం. గ్రైండరు మొరాయిస్తే బెల్టు ఊడిందో, మోటారు కాలిందో వాసనబట్టి చెప్పేది మనం. నిజానికి వీటిలో ఏది తేడా చేసినా ప్రాణం మీదకొస్తుంది. అక్కడ మాత్రం ‘నువ్వేం నొక్కావు’ అని ఎవరూ అడగరు. తెర మీద బొమ్మ ఆగితే ఎవరి ప్రాణమూ పోదు, కానీ ముందు ముద్దాయిని నిలబెట్టేస్తారు.

ఇది కొత్తగా వచ్చిన జబ్బేమీ కాదు లెండి. మా పెళ్ళయిన కొత్తలో మా పెద్ద బావగారింట్లో వీసీఆర్ ఉండేది. దాన్ని ముట్టుకునే హక్కు ఆయనొక్కడిదే. బొమ్మ మీద గీతలు పడితే ఆయన లేచి మూత తీసి, దూదిని స్పిరిట్‌లో ముంచి ‘హెడ్’ తుడిచేవారు. వీధిలో వాళ్ళందరం చుట్టూ కూర్చుని ఆపరేషన్ చూస్తున్నట్టు చూసేవాళ్ళం. మా అక్కయ్య ఆ దూదీ, స్పిరిట్ సీసా అందించేది. అంతవరకే! ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది, దూదితో తుడవడం ఆవిడకి రాదా? పసిపిల్లల చెవులు తుడిచిన చెయ్యి అది.

ఇంత చిన్న విషయానికి పేజీ పాడుచేస్తోందేమిటీ ఈవిడ అనుకుంటున్నారేమో. నేనూ ఇన్నాళ్ళూ నవ్వేసి ఊరుకున్నదాన్నే. మా బంధువుల్లో ఒకావిడకి జరిగింది తెలిశాక నవ్వు రావడం మానేసింది. ఆవిడ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేరు వద్దంది, పిన్నిగారు అనుకుందాం.

పిన్నిగారి వయసు యాభై ఎనిమిది. ఇంటి పద్దులు, పొలం కౌలు లెక్కలు, చీటీ పాటలు అన్నీ ఆవిడే చూసుకుంటుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆవిడ టీవీలో సీరియల్ ఇలాగే ఆగింది. బాబాయిగారు నిద్రపోతున్నారు. లేపితే ఏమంటారో తెలుసు. ఆయన లేచేలోపు బాగుచేసేద్దామని ఫోనులో ఆ యాప్ పేరూ, పక్కన ‘కస్టమర్ కేర్ నంబర్’ అనీ కొట్టి వెతికింది. పైన కనబడ్డ నంబరుకి చేసింది. అవతల కుర్రాడు చక్కటి తెలుగులో, “అమ్మా, కంగారు పడకండి. మీ ప్లాన్ ఆగిపోయింది, పది రూపాయలు కడితే మళ్ళీ మొదలవుతుంది. తప్పెక్కడుందో నేను చూడాలంటే ఈ చిన్న యాప్ వేసుకోండి” అన్నాడు. కన్నకొడుకు కంటే మర్యాదగా మాట్లాడాడంది పిన్నిగారు. ఆ చిన్న యాప్ పని ఏమిటంటే, మన ఫోను తెర అంతా వాడి కళ్ళముందు పరవడం. పది రూపాయలు కడుతూ ఆవిడ నొక్కిన పిన్నూ, వచ్చిన ఓటీపీలూ అన్నీ వాడు చూశాడు. ఇరవై నిమిషాల్లో మూడు విడతలుగా నలభై ఆరు వేలు వెళ్ళిపోయాయి. కూతురి పురిటి ఖర్చులకని దాచుకున్న డబ్బు అది.

నేను మీకు చెప్పదల్చుకున్న విషయం ఇక్కడ మొదలవుతుంది. పిన్నిగారు ఆ సంగతి నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. అన్నం సహించక, నిద్ర పట్టక, బీపీ పెరిగి, ఐదోరోజు మా ఇంటికొచ్చి పెరట్లో నందివర్ధనాలు కోస్తూ కోస్తూ కూలబడి ఏడ్చింది.

“అప్పుడే ఎందుకు చెప్పలేదు పిన్నిగారూ?” అన్నాను.

“చెబితే ఏమంటారో నీకు తెలీదా? నువ్వేం నొక్కావు అంటారు” అంది.

ఇలాంటి మోసం జరిగితే 1930 అనే నంబరుకి ఫోను చెయ్యాలి. దేశమంతటికీ ఒకటే సైబర్ నేరాల సహాయ నంబరు. ఎంత త్వరగా చేస్తే అంత మేలు. డబ్బు ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి దాటిపోకముందే బ్యాంకుల చేత దాన్ని అక్కడికక్కడ ఆపించే ప్రయత్నం చేస్తారు. ఆ పూటే చేసుంటే ఎంతో కొంత చిక్కేది. ఐదోరోజు చేస్తే ఒక ఖాతాలో మిగిలిన ఆరు వేలు మాత్రం ఆపగలిగారు. బ్యాంకు నిబంధన కూడా తెలుసుకోండి: ఓటీపీ, పిన్ను మన చేతులమీదుగానే బయటికి పోతే, మనం బ్యాంకుకి తెలియజేసేదాకా జరిగిన నష్టం మనదే. చెప్పిన తరవాత జరిగేది బ్యాంకుది. అంటే నోరు మూసుకున్న ప్రతి గంటకీ ఖరీదుంది. ఫోను తెరని అవతలివాళ్ళకి చూపించే యాప్‌ల గురించి రిజర్వ్ బ్యాంకు 2019లోనే హెచ్చరించింది. ఆ హెచ్చరిక పిన్నిగారిదాకా రాలేదు. దొంగ మాత్రం వచ్చాడు, అదీ తెలుగులో.

ఆ దొంగకి దొరికింది పిన్నిగారి తెలివితక్కువతనం అంటే నేనొప్పుకోను. వాడికి దొరికింది ఆవిడ భయం. బాబాయిగారు లేచేలోపు అయిపోవాలనే తొందర. ఇంట్లో ఒక ప్రశ్నకి జడిసి, వీధిలో పరాయివాణ్ణి నమ్మింది.

అప్పుడు నేను కూచుని ఈ టీవీ సంగతేమిటో తెలుసుకోవాలనుకున్నాను. మా కేబుల్ కుర్రాడు కొంత చెప్పాడు, సెలవలకొచ్చిన మేనకోడలు కొంత చెప్పింది. తెలుసుకున్నాక తెల్లబోయాను. ఇంతేనా! దీనికేనా ఇన్నాళ్ళూ మనల్ని బెదిరించిందీ అనిపించింది.

పెళ్ళి భోజనాల బంతి గుర్తు తెచ్చుకోండి. గుండిగలో ఉన్న పులిహోరంతా తెచ్చి మీ విస్తట్లో ఒక్కసారే గుమ్మరించరు కదా. గరిటెడు గరిటెడు వడ్డిస్తారు. మనం తినే వేగం కన్నా వాళ్ళు తెచ్చే వేగం కాస్త ఎక్కువుంటే విస్తరి నిండుగా ఉంటుంది. సినిమా కూడా అలాగే వస్తుంది. కంపెనీ వాళ్ళు దాన్ని కొద్ది సెకన్ల చొప్పున ముక్కలు చేసి ఉంచుతారు. మన టీవీ ఒక ముక్క చూపిస్తూనే రాబోయే ముక్కలు కొన్ని ముందుగా తెచ్చి దగ్గర పెట్టుకుంటుంది. ఆ నిలవ అయిపోయి, కొత్తది ఇంకా రాకపోతే ఆ తిరిగే చక్రం కనబడుతుంది. ‘కూర తెస్తున్నారు, కాస్త ఆగండి’ అని దానర్థం. ఇంకో చిత్రం ఉంది. ఒకే ముక్కని చిక్కగా, మధ్యరకంగా, పల్చగా నాలుగైదు రకాలుగా చేసి ఉంచుతారు. నెట్ బాగుంటే గడ్డపెరుగు వడ్డిస్తారు, మందగిస్తే పల్చటి మజ్జిగ పోస్తారు. మధ్యమధ్యలో బొమ్మ మసకబారి మళ్ళీ తేటపడేది అందుకే. మా అత్తగారు తన కంటి శుక్లాలు ముదిరాయేమోనని బెంగపెట్టుకున్నారు, పాపం!

చక్రం తిరగడం వేరు, అంకె పడడం వేరు. చక్రమంటే వడ్డన ఆలస్యమైంది. ఆ ఇంగ్లీషు ముక్కా, అంకే పడ్డాయంటే చాలాసార్లు ‘మీకు వడ్డించం’ అని చెబుతున్నారన్నమాట. కారణం మన ఖాతాలో ఉండొచ్చు, యాప్‌లో ఉండొచ్చు, టీవీలో ఉండొచ్చు, వాళ్ళ వంటశాలలోనే నిప్పు ఆరిపోయి ఉండొచ్చు. ఇందులో మన వేలు చేసిన పాపం ఎంత చెప్పండి?

తప్పు ఎక్కడుందో పట్టుకోవడం వైద్యుడు నాడి చూడ్డంలాంటిదే, గుట్టేమీ లేదు. అదే టీవీలో ఇంకో యాప్ తెరిచి చూడండి. అదీ ఆడకపోతే నెట్‌కే జబ్బు. అది ఆడి ఇదొక్కటే ఆగితే ఈ యాప్‌కో, దాని ఖాతాకో జబ్బు. ఆ యాప్‌ని మీ ఫోనులో, ఫోను సొంత నెట్‌తో తెరవండి. అక్కడ ఆడి టీవీలో ఆడకపోతే ఇంటి నెట్‌దో, టీవీదో తప్పు. రెండు నిమిషాల పని. సగం చిక్కు ఇక్కడే విడిపోతుంది.

నెట్‌కే జబ్బయితే వైఫై పెట్టె దగ్గరకెళ్ళండి. మా ఇంటి పెట్టె మీద ఇంగ్లీషులో ‘ఎల్.ఓ.ఎస్.’ అని రాసిన చోట ఎర్రగా వెలిగితే ఫైబర్ తీగ ఎక్కడో తెగిందని గుర్తు. “ఆయ్, ఎర్ర లైటు ఎలిగితే మీరేం సెయ్యక్కర్లేదండమ్మగారూ, నాకో ఫోను కొట్టండి సాలు” అన్నాడు మా కేబుల్ కుర్రాడు. ఆ మాట నాకు పెద్ద ఉపశమనం. నేనేం చెయ్యక్కర్లేదని తెలియడం కూడా ఒక తెలివే.

ఎర్ర లైటు లేకపోయినా మా అత్తగారి గదిలో బొమ్మ ఆగుతూండేది. మాది ధవళేశ్వరంలో పాతకాలం పెంకుటిల్లు. గోడలు మూరెడు మందం. పెట్టె వీధిగదిలో ఉంది, ఆవిడ గది రెండు గోడల వెనక. వైఫైలో రెండు రకాలుంటాయట. ఒకటి వేగం ఎక్కువ, కానీ గోడలు దాటలేదు. రెండోది కాస్త నిదానం, కానీ దూరం పోతుంది. పేరు చివర 5జి అని ఉండేది ఆ మొదటి రకం. (దానికీ సెల్‌ఫోను 5జికీ సంబంధం లేదట. పేర్లు పెట్టేవాళ్ళకి వేరే పేరు దొరకలేదు కాబోలు.) అత్తగారి టీవీని రెండోదానికి కలిపాను. మేలు కనిపించింది. హెచ్.డి. బొమ్మకి సెకనుకి 5 మెగాబిట్ల వేగముంటే చాలని, 4కె అనే మరీ స్పష్టమైన బొమ్మకి 15 కావాలని నెట్‌ఫ్లిక్స్ తన సహాయం పేజీలో చెబుతుంది. అత్తగారి నలుపు తెలుపు సినిమాకి అంత వేగం ఎందుకు? బొమ్మ నాణ్యత ఒక మెట్టు దించి పెట్టాను. ఆవిడకి తేడా తెలియలేదు, ఆగడం మాత్రం తగ్గింది.

టీవీకే జబ్బయితే ముందు గోడ దగ్గర స్విచ్చి ఆపి, ఓ నిమిషం ఆగి మళ్ళీ వెయ్యండి. రిమోటుతో ఆపితే టీవీ కునుకు తీస్తుందంతే, నిద్రపోదు. యాప్ పోగేసుకున్న చెత్త లోపలే ఉండిపోతుంది. యాప్ కొత్త రూపం వచ్చిందేమో, టీవీలో చోటు నిండిపోయిందేమో చూడండి. టీవీలో తేదీ, టైము తప్పుగా ఉన్నా కొన్ని యాప్‌లు తెరుచుకోవు. ఆ కంపెనీ పంపే గుర్తింపు పత్రానికి గడువు తేదీ ఉంటుంది, దాన్ని సరిచూసుకోవడం కుదరక ఆగిపోతాయి. మరీ పాత టీవీ అయితే కొత్త యాప్ దానిలో పనిచెయ్యదు, దానికి మనం చెయ్యగలిగింది లేదు.

ఇక ఖాతా సంగతి. అసలు కథంతా ఇక్కడుంది.

ఆ శనివారం నాడు మా తెర మీద పడ్డ అంకెకి అర్థం మర్నాడు తెలిసింది. మా అబ్బాయి తీసుకున్న ప్లానులో ఒకేసారి రెండు తెరల మీద మాత్రమే చూడొచ్చు. ఆ సాయంత్రం హైదరాబాదులో మనవడు ఒక గదిలో కార్టూన్లు పెట్టుకున్నాడు, వాళ్ళ నాన్న ఇంకో గదిలో ఆట పెట్టుకున్నాడు. మూడో తెర మా అత్తగారిది. అందుకని ఆవిణ్ణి బయటికి తోసేశారు. ‘ఏం నొక్కావ్’ అని అడిగిన ఇద్దరే నొక్కారన్నమాట! ఈ మాట అబ్బాయితో అంటే ఫోనులో కాసేపు చప్పుడు లేదు.

డబ్బు కట్టడం ఇంకో చిక్కు. 2021 అక్టోబరు 1 నుంచీ రిజర్వ్ బ్యాంకు నియమం మారింది. నెలనెలా కార్డులోంచి దానంతటది డబ్బు పోవాలంటే ముందుగా మనం ఓటీపీతో అనుమతి నమోదు చెయ్యాలి, ప్రతిసారీ తీసుకోబోయే ముందు బ్యాంకు మనకి కబురు పంపాలి. మంచి నియమమే. మనకి తెలియకుండా డబ్బు పోకూడదు కదా. కానీ కార్డు మారినా, అనుమతి రద్దయినా చందా కట్టడం ఆగిపోతుంది, సినిమా ఆగిపోతుంది. ఆ కబురు వచ్చేది ఎవరి ఫోనుకి? అబ్బాయి ఫోనుకి. వాడు మీటింగులో ఉంటాడు. ఇక్కడ ముసలావిడ నల్లతెర చూస్తూ కూర్చుంటుంది.

పల్లెల్లోనూ పట్నాల్లోనూ ఇదే వరస. పిల్లలు దసరాకో సంక్రాంతికో వచ్చి, అమ్మానాన్నలకి పెద్ద టీవీ కొనిపెట్టి, గోడకి బిగించి, తమ ఫోను నంబరుతో అన్నీ తెరిచిపెట్టి వెళ్ళిపోతారు. ప్రేమతోనే చేస్తారు, కాదనను. ఒకనాడు ఆ యాప్ ‘మళ్ళీ లోపలికి రండి’ అని అడుగుతుంది. ఓటీపీ హైదరాబాదుకో, బెంగళూరుకో పోతుంది. అమెరికాకి పోతే మరీ కష్టం, మనకి సాయంత్రమైతే వాళ్ళకి తెల్లారుతుంది. 2023 జులైలో నెట్‌ఫ్లిక్స్ మన దేశంలో కూడా ఒక ఖాతా ఒకే ఇంటికి అని పట్టుబట్టింది. అంటే పిల్లల ఖాతా మీద ఆధారపడ్డ అమ్మల గడప ఇంకాస్త ఎత్తయింది.

2019-20లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళలోపు ఆడవాళ్ళలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవాళ్ళు నూటికి 21 మందే. మగవాళ్ళలో దాదాపు 49 మంది. యాభై దాటినవాళ్ళని ఆ లెక్కలో అడగనే లేదు. మా అత్తగారూ, పిన్నిగారూ, నేనూ ఆ లెక్కకే అందలేదు.

పోనీ మనది వెనకబడ్డ ప్రాంతమా అంటే అదీ కాదు. రాష్ట్రంలో ఇంటింటికీ ఫైబర్ ఇచ్చిన తొలి పల్లెగా 2016 చివర్లో పేరుకెక్కింది మన కోనసీమలో సఖినేటిపల్లి మండలం మోరి. మరుసటేడు డిసెంబరులో రాష్ట్రపతి వచ్చి ఏపీ ఫైబర్‌నెట్‌ని ప్రారంభించారు. టీవీ, ఫోను, ఇంటర్నెట్ మూడూ కలిపి నెలకి 149 రూపాయలన్నారు. తీగ మనకి అందరికన్నా ముందే వచ్చింది. ఆ తీగ చివరున్న పెట్టె మీద ఎర్ర లైటు వెలిగితే దానర్థమేమిటో ఇంట్లో ఉండే మనిషికి ఎవరూ చెప్పలేదు.

మన చేతిలో లేనివీ ఉన్నాయి. 2022 మే 24న అమలాపురంలో జిల్లా పేరు మార్పు మీద గొడవలు జరిగినప్పుడు కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ రోజుల తరబడి ఆపేశారు. ఇంటినుంచి ఉద్యోగాలు చేసుకునే పిల్లలు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని అవతలి ఒడ్డు సిగ్నల్ కోసం గోదావరి గట్లకి పోయారు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు కరెంటే లేదు, ఇక సినిమా ఏమిటి! అలాంటి రోజున కూడా మా వీధిలో ఒకాయన “నువ్వేం నొక్కావే?” అని భార్యని కేకేశాడంటే నమ్ముతారా?

మగవాళ్ళనే అనడం న్యాయం కాదు. ఈ కంపెనీల వాళ్ళకీ నాలుగు మాటలు చెప్పాలి. తెలుగు సినిమాలు చూపించి, తెలుగువాళ్ళ దగ్గర డబ్బు తీసుకుని, ఏదైనా తేడా వస్తే మాత్రం ఇంగ్లీషులో ఓ అంకె మన మొహాన కొడతారేం? దూరదర్శన్ రోజుల్లో బొమ్మ పోతే ‘అంతరాయానికి చింతిస్తున్నాం’ అని అచ్చ తెలుగులో అట్టముక్క పెట్టేవారు. నిజంగా చింతించారో లేదో గానీ, తప్పు తమదని ఒప్పుకున్నారు కదా! ఇప్పుడు ‘మీ పరికరాన్ని సరిచూసుకోండి’ అంటారు, అదీ ఇంగ్లీషులో. ‘మీ ఇంట్లో ఇప్పటికే రెండు తెరల మీద చూస్తున్నారు’ అని ఒక్క తెలుగు వాక్యం ఆ శనివారం మా టీవీ మీద పడుంటే ఎవరూ ఎవరినీ అనేవారు కారు. సాయం కావాల్సినవాళ్ళకి యాప్ లోపలే, తెలుగులో, సులువుగా కనబడేచోట దారి పెడితే, పిన్నిగారు ఫోనులో నంబరు వెతుక్కునే పనే ఉండేది కాదు. వాళ్ళు తలుపు దాచిపెట్టారు, దొంగ తన తలుపు తెరిచి పెట్టాడు.

డబ్బు తీసుకుని సరిగ్గా చూపించకపోతే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915 ఉంది. తెలుగులో మాట్లాడొచ్చు. మనం బియ్యంలో రాళ్ళుంటే కొట్టువాణ్ణి నిలదీస్తాం. దీనికి మాత్రం మొహమాటం దేనికి?

ఈ గోలంతా మా స్నేహితురాలితో చెబితే ఆవిడ విసుక్కుంది. “ఉన్న చాకిరీ చాలకనా? టీవీ రిపేరు కూడా మన నెత్తికెత్తుతావా? తెలియనట్టు ఊరుకుంటే వాళ్ళే చూసుకుంటారు” అంది. ఆవిడ మాటలో నిజం లేకపోలేదు. మిక్సీ నేర్చుకుంటే రుబ్బడం మనదే అయింది, స్కూటీ నేర్చుకుంటే కూరలు తేవడమూ మనదే అయింది. రెండు రోజులు ఆలోచించాను. కానీ బొమ్మ ఆగినప్పుడు ఇంట్లో ఉండేది ఎవరు? “ఏమైందే అమ్మాయ్” అని అడిగితే జవాబు చెప్పాల్సింది ఎవరు? చాకిరీ ఎటూ మనదేనమ్మా. తాళంచెవి మాత్రం వేరేవాళ్ళ దగ్గరుంది.

అందుకని తాళంచెవి అడిగాను. “ఒరేయ్, మా ఇంటికో వేరే ఖాతా తెరిచి నా ఫోను నంబరు పెట్టు” అన్నాను. అబ్బాయి తటపటాయించాడు. “నీకెందుకమ్మా తలనొప్పి? పిన్నమ్మమ్మకి జరిగింది చూశావుగా. నీకు ఓటీపీలు వస్తే ఎవడికో చెప్పేస్తావు” అన్నాడు. వాడి భయం తప్పని అనను. “ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని నాకు అలవాటవ్వాలంటే, ముందు అది నా ఫోనుకి రావాలి కదరా” అన్నాను. నాలుగు రోజులు నానబెట్టి, చివరికి ఖాతా నా నంబరు మీద తెరిచాడు. డబ్బు మాత్రం తన కార్డులోంచే కడతానన్నాడు. సగం తాళంచెవి వచ్చింది. మిగతా సగం సంక్రాంతికి వచ్చినప్పుడు అడుగుతాను.

పాలఖాతా పుస్తకం వెనక పేజీల్లో అన్నీ రాసిపెట్టుకున్నాను. కేబుల్ కుర్రాడి నంబరు, 1930, 1915, వైఫై పేరు, చందా గడువు తేదీ. పాస్‌వర్డు మాత్రం రాయలేదు, అది నా బుర్రలో ఉంది. పిన్నిగారికీ ఇలాంటి పుస్తకం ఒకటి రాసిచ్చాను. బాబాయిగారికి ఆ నలభై ఆరు వేల సంగతి చెప్పేటప్పుడు నేనూ పక్కన కూర్చున్నాను. ఆయన నోరు తెరిచి, నా మొహం చూసి, మూసేసుకున్నారు. కాసేపటికి “వాడి నంబరేది?” అన్నారు. ఆ మాత్రం చాలు అనిపించింది.

పోయిన గురువారం పక్కవీధిలో సత్యనారాయణ వ్రతానికి వెళ్ళి, ప్రసాదం పట్టుకుని ఇంటికొచ్చాను. అత్తగారి గదిలో టీవీ ముందు మా వారు నిలబడి ఉన్నారు. చేతిలో రిమోటు. తెర నల్లగా ఉంది. నేను చెప్పులైనా విప్పలేదు, “నేనేం నొక్కలేదే!” అన్నారు.

నేనేమీ అనలేదు. వీధిగదిలోకి వెళ్ళి చూస్తే పెట్టె మీద ఎర్ర లైటు. కేబుల్ కుర్రాడికి ఫోను చేశాను. “ఆయ్, కాలవ గట్టున మట్టి తోలే ట్రాక్టరు వైరు లాక్కుపోయిందండమ్మగారూ. గంటలో కలిపేత్తాను” అన్నాడు. ఆ గంటా అత్తగారు మిగతా సినిమా కథ మా ఇద్దరికీ తనే చెప్పారు, చిన్నప్పుడు రాజమండ్రిలో నేల టిక్కెట్టు మీద చూశారట.